ఫాంటా: పేరు ఒకటే, రుచులు ఎన్నో. దాని చరిత్ర, ఆకర్షణ గురించి చర్చ

సీసామూత (చర్చను ప్రారంభించినవారు)

శీతల పానీయాల చరిత్ర మీద ఈ వేదికలో ఇంతవరకు జరిగిన చర్చలన్నీ దాదాపు కోలాల చుట్టూనే తిరిగాయి. పండ్ల రుచి గల పానీయాలను పిల్లల సరుకుగా చూసి మనం పక్కన పెట్టేశామని నా అభిప్రాయం. వాటిలో అందరికీ తెలిసిన ఫాంటా గురించి మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నన్ను ఆలోచింపజేసే సంగతి ఒకటుంది. కోకాకోలాకు ఒక రహస్య సూత్రం ఉందనీ, ప్రపంచంలో ఎక్కడ తాగినా అది ఒకే రుచితో ఉండాలనీ ఆ సంస్థ తరాలుగా చాటుకుంటూ వస్తోంది. అదే సంస్థ ఫాంటా విషయంలో సరిగ్గా ఎదురుదారిలో నడుస్తోంది. ఇటలీలో దొరికేది ఒక తీరు, అమెరికాలో దొరికేది మరో తీరు. రంగు ఒకటి కాదు, తీపి ఒకటి కాదు, పండ్ల రసం పాళ్లు అంతకన్నా ఒకటి కాదు. మరి దేన్ని చూసి దీన్ని ఒకే పానీయం అంటున్నాం? దీనితో పాటు, ఇది నాజీలు కనిపెట్టిన పానీయమన్న మాట తరచుగా వినబడుతోంది. అందులో నిజమెంతో తెలిసినవారు వివరించగలరు.

పాతకాగితం

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అది తేలితే మొదటిదానికి సగం జవాబు దానంతటదే దొరుకుతుంది.

జర్మనీలో కోకాకోలా వ్యాపారం 1929లో మొదలైంది. దాని కార్యాలయం ఎసెన్ నగరంలో ఉండేది. 1933లో ఆ సంస్థలో చేరిన మాక్స్ కైట్ అనే జర్మన్, అంతవరకు అధిపతిగా ఉన్న అమెరికన్ రే పవర్స్ 1938లో మరణించాక మొత్తం బాధ్యతను తన చేతుల్లోకి తీసుకున్నాడు. అప్పటికి ఆ దేశంలో కోకాకోలా అమ్మకాలు బ్రహ్మాండంగా సాగుతున్నాయి. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చిపడింది. అమెరికా నుంచి రావలసిన మూలసారం అందడం కష్టమైపోయింది. ఉన్న నిల్వలు అయిపోతే కార్ఖానాలు మూతపడతాయి, పనివాళ్లు చెదిరిపోతారు, యంత్రాలను ప్రభుత్వం వేరే పనులకు లాక్కుంటుంది. ఆ స్థితిలో కైట్ తన రసాయన నిపుణులతో కలిసి, దేశంలో దొరికే సరుకులతోనే మరో పానీయం తయారు చేయించాడు.

ఏమి దొరికేవో చూడండి. జున్ను తయారు చేశాక మిగిలే విరుగుడు నీరు, ఆపిల్ రసం పిండాక మిగిలే పిప్పి, ఆపైన ఆ వారానికి ఏ పండ్లు చేతికందితే అవి. కైట్ స్వయంగా దీన్ని మిగులులో మిగులు అని వర్ణించాడట. తీపికి మొదట్లో సాకరిన్ వాడారు. 1941లో చక్కెర రేషన్ నుంచి కొంత సడలింపు దొరికి, 3.5 శాతం మేర బీట్ దుంప చక్కెర కలపడానికి అనుమతి వచ్చింది. పేరు కోసం ఉద్యోగుల మధ్య పోటీ పెట్టి, ఊహకు పట్టపగ్గాలు వదిలేయండని కైట్ చెప్పగా, ఊహ అనే అర్థం గల జర్మన్ మాటను సగానికి తుంచి జో క్నిప్ అనే అమ్మకందారు ఫాంటా అన్నాడు. అదే ఖాయమైంది.

1943లో దాదాపు 30 లక్షల కేసులు అమ్ముడుపోయాయి. వాటిలో అన్నీ గ్లాసుల్లోకే వెళ్లలేదు. చక్కెరకు కటకటగా ఉన్న రోజులు కాబట్టి, కాస్త తీపి కోసం గృహిణులు దీన్ని సూపుల్లోనూ ఉడికించే వంటకాల్లోనూ పోసేవారు. అదే కాలంలో నెదర్లాండ్స్‌లోని కార్ఖానా కూడా ఫాంటా పేరుతో పానీయం చేసింది. అక్కడ వాడిన ముఖ్య పదార్థం ఎల్డర్ పొద పండ్లు. అంటే, పుట్టిన కొద్దికాలానికే ఈ పేరు కింద రెండు వేర్వేరు రుచులు వచ్చేశాయి.

కాబట్టి సీసామూత గారి ప్రశ్నకు నా జవాబు ఇది. ఫాంటాను నాజీ ప్రభుత్వం కనిపెట్టలేదు, కనిపెట్టమని ఆదేశించనూ లేదు. సరుకు లేక మూతపడబోయిన ఒక కార్ఖానా దాన్ని తయారు చేసింది. అమెరికా యుద్ధంలోకి దిగిన 1941 డిసెంబరుకు ముందే, 1940లోనే, ఆ పానీయం బయటికి వచ్చింది.

ఎదురుప్రశ్న

పాతకాగితం గారు చెప్పిన వివరాలతో నాకు పేచీ లేదు. వాటిని చెప్పిన తీరు మాత్రం ఒకవైపే మొగ్గింది. నాజీలు కనిపెట్టలేదనడం ఒక మాట, నాజీ పాలనతో సంబంధం లేదనడం మరో మాట. జర్మనీలోనూ, జర్మనీ ఆక్రమించిన దేశాల్లోనూ ఉన్న శీతల పానీయాల కార్ఖానాలను పర్యవేక్షించే పదవిని కైట్‌కు అప్పగించింది ఆ ప్రభుత్వమే. డచ్చి కార్ఖానాకు ఫాంటా పేరు వెళ్లింది కూడా ఆ ఏర్పాటు పుణ్యమే కదా. చక్కెర సడలింపు ఊరికే వస్తుందా? యుద్ధకాలపు జర్మనీలో ఒక వ్యాపారం మూడు నాలుగేళ్లు నిలబడి, పైగా పెరిగిందంటే, ఏలినవారితో సర్దుబాటు లేకుండా అది జరిగే పని కాదు.

ఇది గతించిన సంగతి అనుకోవడానికీ వీల్లేదు. 2015లో ఫాంటా 75 ఏళ్ల సందర్భంగా జర్మనీలో పాతకాలపు సీసాలో ప్రత్యేక పానీయం విడుదల చేస్తూ, ఆ మంచి పాత రోజుల అనుభూతిని తిరిగి తెస్తున్నామన్న ధోరణిలో ఒక ప్రకటన ఇచ్చారు. 2015 నుంచి 75 వెనక్కి లెక్కపెడితే ఏ ఏడాది వస్తుందో ఆ ప్రకటన రాసినవారికి తట్టలేదో, తట్టినా ఎవరూ గమనించరనుకున్నారో తెలియదు. విమర్శలు వెల్లువెత్తాక సంస్థ క్షమాపణ చెప్పి ప్రకటనను ఉపసంహరించుకుంది.

పాతకాగితం

ఎదురుప్రశ్న గారి మొదటి పేరాను నేను కాదనడం లేదు. దానికి చేర్చవలసినవి రెండున్నాయి. కైట్ మీద ఒత్తిడి వచ్చినా ఆయన నాజీ పార్టీలో సభ్యుడిగా చేరలేదు. యుద్ధం ముగిశాక ఆ పానీయాన్ని తన సొంతం చేసుకోకుండా, లాభాలతో సహా అట్లాంటాలోని మాతృసంస్థకు అప్పగించాడు. వీటితో ఆయన మచ్చలేని మనిషి అయిపోతాడని నేను అనను. రాజ్యం ఎవరిదైనా తన కంపెనీకే విధేయుడిగా మిగిలిన మేనేజరు అంటే సరిపోతుంది. అది పొగడ్తో నిందో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

కమలాతొన

ఇద్దరూ యుద్ధం దగ్గరే ఆగిపోయారు. అప్పటి ఫాంటాకూ ఈనాటి ఫాంటాకూ మధ్య పేరు తప్ప ఇంకేమీ కలవదన్నది మరిచిపోవద్దు. జర్మనీలో కోకాకోలా తయారీ 1949లో మళ్లీ మొదలయ్యాక, దాని అవసరం తీరిపోయి ఫాంటా ఆగిపోయింది. ఎవరూ దాని కోసం బెంగపెట్టుకోలేదు. విరుగుడు నీటి పానీయం కోసం ఎవరు బెంగపడతారు!

మనకు తెలిసిన నారింజ ఫాంటా పుట్టింది 1955లో, ఇటలీలోని నేపుల్స్ నగరంలో. అక్కడి బాట్లింగ్ సంస్థ ఆ ప్రాంతపు నారింజలతో ఒక పానీయం తయారు చేసింది. అట్లాంటా సంస్థ తన దగ్గర వాడకుండా పడి ఉన్న ఫాంటా అనే పేరును దానికి తగిలించింది. కారణం వ్యాపారమే. 1950లలో పెప్సీ వంటి పోటీదారులు రకరకాల రుచులతో ముందుకు వస్తుంటే, ఒక్క కోలానే పట్టుకుని కూర్చోవడం కష్టమని వారికి అర్థమైంది. ఇటలీలో నారింజ సోడా అప్పటికే జనం ఎరిగిన పానీయం. అలవాటున్న చోట అలవాటున్న రుచిని ఇచ్చి, పేరు మాత్రం తమది పెట్టారు. అదే ఏడాది వలయాలు వలయాలుగా ఉండే గాజు సీసా కూడా వచ్చింది. చాలా దేశాల్లో ఒక తరం వారికి ఫాంటా అనగానే గుర్తొచ్చేది ఆ సీసానే.

 విచిత్రమేమిటంటే, కోకాకోలా సొంత దేశమైన అమెరికాలో ఫాంటాకు చాలాకాలం పెద్ద ప్రాధాన్యం ఇవ్వలేదు. 2000ల తొలి ఏళ్లలో రంగురంగుల దుస్తులు వేసుకున్న యువతుల బృందంతో టీవీ ప్రకటనలు గుప్పించాక గానీ అక్కడ అది ఇంటింటి పేరు కాలేదు. లాటిన్ అమెరికా నుంచి వచ్చి స్థిరపడినవారికి ఈ పేరు ముందే పరిచయం కావడం ఆ నిర్ణయానికి ఒక ఊతమైంది.

తొక్కనూనె

చరిత్ర బాగుంది. ఆకర్షణ సంగతి ఎవరూ ఎత్తుకోలేదు కాబట్టి, పానీయాల తయారీ రసాయనం కొంత తెలిసినవాడిగా నాలుగు మాటలు రాస్తాను.

నారింజ సోడాలో నారింజ అనిపించేది రసం అనుకుంటారు చాలామంది. రసం ఇచ్చేది కాస్త పులుపు, కాస్త తీపి, కొద్దిపాటి చిక్కదనం. ముక్కుకు తగిలే ఆ వాసన మాత్రం తొక్కలో ఉండే నూనెది. పండు ఒలిచేటప్పుడు తొక్క వంచితే సన్నటి తుంపర్లు చిమ్ముతాయి కదా, అదే ఆ నూనె. అందులో 90 శాతానికి మించి లిమొనీన్ అనే పదార్థం ఉంటుంది. అందువల్ల ఒక చుక్క రసం కూడా లేకుండా నారింజ రుచి తెప్పించడం సాధ్యమే. అమెరికాలో అమ్మే నారింజ ఫాంటా డబ్బా మీద అందులో పండ్ల రసం లేదని స్పష్టంగా రాసి ఉంటుంది.

అసలు చిక్కు వేరే చోట ఉంది. నూనె నీటిలో కలవదు. దాన్ని కంటికి కనబడనంత సన్నటి బిందువులుగా చిలికి, బంక వంటి పదార్థంతో పట్టి ఉంచాలి. అయినా నూనె తేలిక, చక్కెర నీరు బరువు. కొన్నాళ్లు కదలకుండా నిలబెట్టిన సీసాలో ఆ బిందువులు మెల్లగా పైకి చేరి, మెడ లోపలి అంచున పాలిపోయిన ఉంగరంలా పేరుకుంటాయి. తయారీదారులకు అదంటే సింహస్వప్నం. కొనేవాడు ఆ చార చూసి సరుకు పాడైందనుకుంటాడు. అందుకే నూనె బరువును నీటి బరువుకు దగ్గరగా తెచ్చే పదార్థాలు కలుపుతారు. దేవదారు జాతి చెట్ల జిగురు నుంచి తీసే ఎస్టర్ గమ్ వాటిలో ఒకటి. బ్రోమిన్ కలిపిన వృక్షనూనె మరొకటి. ఈ రెండోదాన్ని ఐరోపా దేశాలు అనుమతించలేదు. అమెరికాలో మాత్రం ఏళ్ల తరబడి వాడారు. వినియోగదారుల ఒత్తిడి మీద 2014లో కోకాకోలా దాన్ని తన పానీయాల నుంచి తొలగిస్తున్నట్లు ప్రకటించింది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024లో దాని వాడకపు అనుమతినే రద్దు చేసింది.

ఇంకొక్క మాట. గ్యాస్ పానీయం నాలుక మీద చురుక్కుమనడానికి బుడగల తాకిడే కారణమని అనుకుంటాం. నిజానికి బొగ్గుపులుసు వాయువు నోటిలోని తడితో కలిసి ఆమ్లంగా మారడమే అందుకు ముఖ్య కారణం. పులుపును గుర్తించే రుచి కణాల మీద ఉండే ఒక ఎంజైము ఈ పని చేస్తుందని 2009లో ఎలుకల మీద జరిపిన పరిశోధనలో తేలింది. నారింజ సోడాలో సిట్రిక్ ఆమ్లపు పులుపూ ఈ చురుకూ ఒకదానికొకటి తోడవుతాయి. గ్యాస్ పోయిన ఫాంటా వట్టి చక్కెర పాకంలా అనిపించేది అందుకే.

రంగులరాట్నం

తొక్కనూనె గారు నాలుకకూ ముక్కుకూ న్యాయం చేశారు గానీ కంటిని వదిలేశారు. పండ్ల రుచి పానీయాల్లో సగం రుచిని చెప్పేది రంగే. 1980లో ప్రచురితమైన ఒక పరిశోధనలో చెర్రీ రుచి పానీయానికి నారింజ రంగు వేసి ఇస్తే, తాగినవారిలో కొందరు దాన్ని నారింజ అనే చెప్పారు. ఫాంటా సీసాను వెలుతురుకు ఎత్తి చూస్తే కనిపించే ఆ మబ్బు పట్టిన నారింజ రంగు, ఇందులో పండు ఉందని నోటికన్నా ముందే చెప్పేస్తుంది. తేటగా, రంగు లేకుండా ఇదే పానీయాన్ని అమ్మితే ఎంతమంది నారింజ అని గుర్తుపడతారో నాకు అనుమానమే.

ఈ రంగు కూడా అంతటా ఒకటి కాదు. అమెరికాలో అమ్మేది కృత్రిమ వర్ణకాలతో ఎరుపు కలిసిన కాషాయ రంగులో మెరిసిపోతుంది. ఐరోపాలో దొరికేది దాని పక్కన పెడితే పసుపుగా, కాస్త వెలిసినట్లు ఉంటుంది. అక్కడ కెరోటీన్ల వంటి రంగులే వాడుతారు. సన్‌సెట్ ఎల్లో, అల్యూరా రెడ్ సహా ఆరు కృత్రిమ రంగుల్లో ఏది వాడినా, పిల్లల ప్రవర్తన మీద, ఏకాగ్రత మీద ప్రతికూల ప్రభావం ఉండవచ్చని లేబుల్ మీద రాయాలని 2010 జులై నుంచి ఐరోపా సమాఖ్య నిబంధన పెట్టింది. పిల్లలు తాగే సీసా మీద అలాంటి హెచ్చరిక రాసుకోవడానికి ఏ తయారీదారు సిద్ధపడతాడు?

లేబుల్‌చదువరి

రంగుకే కాదు, రుచికీ చట్టాలే వంటవాళ్లని నేనంటాను. మూడు ఉదాహరణలు చూస్తే ఈ సంగతి తేటపడుతుంది.

ఇటలీలో ఒక పానీయాన్ని నారింజ పేరుతో అమ్మాలంటే కనీసం 12 శాతం రసం ఉండాలన్న నియమం దశాబ్దాలుగా ఉండేది. 2018 నుంచి దాన్ని 20 శాతానికి పెంచారు. సాగుదారుల ప్రయోజనం ఈ మార్పుకు ఒక ముఖ్య కారణం. బ్రిటన్‌లో నిబంధన చక్కెర మీద పడింది. 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు, ఆపైన చక్కెర ఉన్న పానీయాల మీద 2018 ఏప్రిల్ నుంచి పన్ను వస్తుందని తెలిసి, అంతకు ముందే అక్కడి నారింజ ఫాంటాలో చక్కెరను 4.6 గ్రాములకు దించారు. తగ్గిన తీపిని కృత్రిమ తీపి పదార్థాలతో పూడ్చారు. ఆ అంకె పన్ను గీతకు సరిగ్గా కిందనే ఉండడం గమనించండి. అదే సమయంలో, అలాంటి పన్ను దేశమంతటా లేని అమెరికాలో 355 మిల్లీలీటర్ల డబ్బాలో 44 గ్రాముల చక్కెర ఉండేది, అంటే 100 మిల్లీలీటర్లకు 12 గ్రాముల పైమాటే. అదీ మొక్కజొన్న నుంచి తీసిన తీపి పాకం.

ఒకే పేరున్న రెండు డబ్బాల మధ్య చక్కెరలో రెండున్నర రెట్ల తేడా! ప్రయాణాల్లో చాలామంది మా దగ్గరి ఫాంటానే బాగుంటుందని వాదించుకోవడం వింటుంటాం. వారు పోల్చుకుంటున్నది రెండు వేర్వేరు పానీయాలనీ, వాటి తేడాను తేల్చింది చాలావరకు తమ తమ చట్టసభలేననీ వారికి తట్టదు.

ఎదురుప్రశ్న

లేబుల్‌చదువరి గారి వాదన నాకు నచ్చింది, పూర్తిగా మాత్రం ఒప్పుకోలేను. రొమేనియాలో ఎల్డర్ పూల రుచితో షోకాటా అనే ఫాంటా ఉంది. పూలను నీటిలో పులియబెట్టి చేసుకునే అక్కడి సంప్రదాయ పానీయానికి అది అనుకరణ. జపాన్‌లో 1958లో అడుగుపెట్టినప్పటి నుంచి ద్రాక్ష రుచి నారింజతో సమానంగా నిలిచింది. స్పెయిన్‌లో నిమ్మ రుచికి పెద్ద పీట. వీటిని ఏ చట్టమూ అడగలేదు. జనం ముందునుంచీ ఇష్టపడుతున్నదాన్ని పసిగట్టి, దాని మీద తన ముద్ర వేసుకోవడం ఈ బ్రాండు నైజం. నేపుల్స్‌లో జరిగిందీ అదే అని కమలాతొన గారే చెప్పారు.

ఒక్కోసారి జనమే ముందుకు వెళ్లి దానికి కంపెనీ ఊహించని పాత్ర ఇస్తారు. థాయిలాండ్‌లో ఇళ్ల ముందు స్థలదేవతల కోసం కట్టే చిన్న గూళ్ల దగ్గర ఎర్రటి స్ట్రాబెర్రీ ఫాంటా సీసాలు మూత తీసి, స్ట్రా వేసి నైవేద్యంగా పెడతారు. నారింజది పెట్టరు, ఎర్రదే పెడతారు. ఏ ప్రకటనల సంస్థా ఇంత పని చేయించలేదు.

కమలాతొన

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. స్థానిక రుచిని ఆదరించే ఈ బ్రాండే స్థానిక బ్రాండ్లను మింగేసిన సందర్భాలున్నాయి. 1993లో పార్లే సంస్థ నుంచి థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్ వంటి పేర్లను కోకాకోలా కొన్నది. మొదటి రెండూ నేటికీ నిలిచాయి. నారింజ పానీయమైన గోల్డ్ స్పాట్ మాత్రం ఫాంటాకు దారి ఇచ్చి మాయమైంది. కోలాకు కోలా పోటీగా ఉన్నా థమ్సప్‌ను ఉంచుకున్నారు, ఎందుకంటే దానిది విడి రుచి, దానికి విడి అభిమానులు. నారింజకు నారింజ ఎదురైనప్పుడు ఒకదాన్ని తీసేయడానికి వెనకాడలేదు.

సీసామూత

అందరికీ ధన్యవాదాలు. ఇంత లోతుగా సాగుతుందని ఊహించలేదు. నా మొదటి ప్రశ్నకు మీ అందరి మాటల్లోంచి నాకు దొరికిన జవాబు చెబుతాను. కోకాకోలా ఒక రుచితో మొదలై, ఆ రుచిని కాపాడుకోవడానికే పేరును వాడుకుంది. ఫాంటా ఒక కొరతతో మొదలైంది. ఆ వారం దొరికినదాన్ని సీసాలో నింపి ఒకే పేరుతో అమ్మడమే దాని తొలి పద్ధతి. సరుకుల కొరత పోయినా ఆ పద్ధతి పోలేదు. అప్పుడు యుద్ధం తేల్చిన పాళ్లను ఇప్పుడు పన్నులు, చట్టాలు, అలవాట్లు తేలుస్తున్నాయి. రహస్య సూత్రం లేకపోవడం దీనికి లోపమని నేను మొదట్లో అనుకున్నాను గానీ, అంతటా చెలామణి కావడానికి అదే దీని బలమనిపిస్తోంది.

తొక్కనూనె

సీసామూత గారి ముగింపు వినసొంపుగా ఉంది గానీ, నాకు ఒక అభ్యంతరం. ఏదైనా నింపవచ్చు అంటే నిజంగా ఏదైనా కాదు. గట్టి గ్యాస్, సూటిగా తగిలే పులుపు, ఒకే పండును పట్టించే వాసన, దూరం నుంచే కనబడే రంగు, ఈ నాలుగూ ఏ దేశపు సీసాలోనైనా ఉంటాయి. చిక్కటి మామిడి రసాన్ని గ్యాస్ లేకుండా ఫాంటా పేరుతో అమ్మితే జనం ఒప్పుకోరు. సూత్రం కాగితం మీద లేకపోవచ్చు, హద్దులైతే ఉన్నాయి.

రంగులరాట్నం

తొక్కనూనె గారు చెప్పిన ఆ హద్దులను సంస్థ కూడా ఇప్పుడు రంగుతోనే గీస్తోంది. 2023లో ప్రపంచమంతటికీ ఒకే ముద్రను తెచ్చినప్పుడు, పేరు వెనుక ఏళ్ల తరబడి ఉన్న నారింజ పండు బొమ్మను, ఆకును తొలగించారు. ద్రాక్షకూ స్ట్రాబెర్రీకీ అనాసకూ అదే ముద్ర, నేపథ్యపు రంగు మాత్రమే మారుతుంది. నారింజ వల్లే ప్రపంచానికి తెలిసిన పానీయం తన గుర్తులోంచి నారింజను తీసేయడం తొందరపాటేనని నేను భావిస్తున్నాను. సీసామూత గారి లెక్క ప్రకారమైతే అది సరైన నిర్ణయమే అవుతుంది. దీని మీద కమలాతొన గారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

కమలాతొన

నేను తీసేయమనే అంటాను. రసమే లేని చోట పండు బొమ్మ ఎందుకు? నేపుల్స్ సీసా మీద ఉంటే అర్థం ఉంది.